వీపు వెనక కుడిచెయ్యి

శ్రోతలకు నమస్కారం.

క్రికెట్ చూసే ఇళ్లలో వికెట్ కీపర్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. బేస్‌బాల్‌లో ఇంచుమించు అదే చోట ఉండేవాడు క్యాచర్. తేడా చేతుల్లో ఉంది. కీపర్‌కు రెండు గ్లవ్స్. కుడిచేత్తో విసిరే క్యాచర్‌కు ఎడమచేతికి ఒక్కటే ఉంటుంది, దాన్ని మిట్ అంటారు. కుడిచెయ్యి ఒట్టిదే. అందుకున్న మరుక్షణం బంతి విసరాల్సింది ఆ చేత్తోనే. ఈ ఒట్టి చేతిని ఎలా కాపాడుకోవాలన్నది చాలాకాలం పెద్ద చిక్కు. అమెరికాలోని సిన్సినాటి రెడ్స్ జట్టు క్యాచర్ జానీ బెంచ్ కథ ఆ చిక్కుతోనే ముడిపడి ఉంది.

బెంచ్ 1947 డిసెంబరు 7న ఓక్లహోమా సిటీలో పుట్టాడు. బింగర్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. పెద్ద లీగుకు, అంటే అక్కడి అత్యున్నత స్థాయి మేజర్ లీగుకు, చేరాలంటే క్యాచర్ కావడమే దగ్గరదారని తండ్రి చెప్పాడు. ఆ మాటలో లౌక్యం ఉంది. దెబ్బలు తినే పనికి పోటీ తక్కువ. 1965లో రెడ్స్ అతన్ని తీసుకుంది. 1967 ఆగస్టులో పెద్ద లీగులో తొలి ఆట ఆడాడు. మరుసటి ఏడే, మేజర్ లీగులోని రెండు విభాగాల్లో ఒకటైన నేషనల్ లీగులో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. అక్కడ ఒక క్యాచర్‌కు ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

ఇక దెబ్బల సంగతి. బంతి విసిరే పిచర్ నిలబడే చోటి నుంచి, బ్యాటర్ పక్కన నేల మీదుండే హోమ్ ప్లేట్ అనే పలకకు 18.44 మీటర్లు. బంతి బరువు 142 నుంచి 149 గ్రాములు, అంటే క్రికెట్ బంతికన్నా కాస్త తేలిక. గంటకు 145 కిలోమీటర్ల వేగంతో నేల తాకకుండా వస్తుంది. నేరుగా వచ్చే బంతితో ఇబ్బంది లేదు. బ్యాటును గీసుకుంటూ వచ్చేదే ప్రమాదం. దాన్ని ఫౌల్ టిప్ అంటారు. మిట్‌కు మూరెడు దూరంలో దారి మళ్లితే కన్ను చూసేలోపే వేలికి తగులుతుంది. పాతకాలపు మిట్ గుండ్రటి దిండులా ఉండేది, సరిగా మడత పడేది కాదు. బంతి ఎగిరి బయటపడకుండా కుడిచేత్తో మూయాల్సి వచ్చేది. అందుకే పాత క్యాచర్ల వేళ్లు చెట్టు వేళ్లలా వంకర్లు తిరిగి ఉండేవి.

1966లో, ఇంకా చిన్న లీగులో ఉండగా, బెంచ్ కుడి బొటనవేలు అలాగే విరిగింది. అప్పటికి మధ్యలో మడత ఉన్న మిట్ వచ్చింది. షికాగో కబ్స్ క్యాచర్ రాండీ హండ్లీ దాంతో ఒంటిచేత్తో పట్టేవాడు. బెంచ్ ఆ పద్ధతి అందుకుని, కుడిచేతిని వీపు వెనక పెట్టుకుని దేశమంతటికీ అలవాటు చేశాడు.

అయితే బేస్ మీద, అంటే పరుగు దారిలోని మజిలీ మీద, రన్నర్ ఉంటే చెయ్యి అంత దూరాన ఉండకూడదు. అప్పుడు బొటనవేలు లోపలికి మడిచి, వదులుగా పిడికిలి పట్టి మిట్ వెనకే ఉంచాలి. రెండో బేస్ 38.8 మీటర్ల దూరం. బంతి కొట్టకుండానే దొంగతనంగా అక్కడికి పరిగెత్తే రన్నర్‌కు సుమారు 3.3 సెకన్లు పడుతుంది. అందులో 1.3 పిచర్‌కే పోతుంది. మిగిలిన రెండు సెకన్లలో క్యాచర్ పట్టాలి, చెయ్యి మార్చాలి, విసరాలి. బలం ఒక్కటే చాలదు. బంతి చేతులు మారేది చెవి దగ్గర, వేళ్లు అడ్డంగా కుట్ల మీద పడాలి. కుట్లు దొరకకపోతే బంతి గాల్లో పక్కకు జారుతుంది. మోచెయ్యి భుజం కిందికి జారినా అంతే. 1968 నుంచి 1977 దాకా వరుసగా పదిసార్లు ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ బెంచ్‌కే వచ్చింది.

నేల మీద పడి వచ్చే బంతిని పట్టబోవడం కొత్తవాళ్లు చేసే తప్పు. దాన్ని ఆపాలి, పట్టకూడదు. రెండు మోకాళ్ల మీద పడి, మిట్‌తో కాళ్ల సందు మూసి, గడ్డం గుండెకు ఆనించి, భుజాలు ముందుకు వంచాలి. అప్పుడు బంతి ఛాతీకి తగిలి ముందే పడుతుంది. వెన్ను నిటారుగా ఉంటే ఎగిరి దూరం పోతుంది, రన్నర్ ముందు బేస్‌కు చేరిపోతాడు.

ఏ బంతి వెయ్యాలో కూడా క్యాచరే సైగ చేస్తాడు. సాధారణంగా ఒక వేలు అంటే వేగంగా వచ్చే ఫాస్ట్‌బాల్, రెండు అంటే వంపు తిరిగే కర్వ్. రెండో బేస్ మీది రన్నర్‌కు అవి కనిపిస్తాయి కాబట్టి సైగల వరుస మారుస్తారు. 2022 నుంచి పెద్ద లీగులో మీటలు నొక్కి చెప్పే ఎలక్ట్రానిక్ పరికరం వాడనిస్తున్నారు. ఈ విద్యలో ఆరితేరిన బెంచ్ కూడా ఒకసారి బోల్తాపడ్డాడు. 1972లో వరల్డ్ సిరీస్ అనే ఫైనల్ పోటీల మూడో ఆటలో ఓక్లాండ్ క్యాచర్ జీన్ టెనాస్ లేచి నిలబడి, బెంచ్‌కు కావాలనే నడక ఇస్తున్నట్టు, అంటే బంతులు దూరంగా వేయించి మొదటి బేస్‌కు ఊరికే పంపిస్తున్నట్టు, చెయ్యి పక్కకు చాపాడు. పిచర్ రోలీ ఫింగర్స్ విసిరే వేళకు చటుక్కున గొంతుక్కూర్చున్నాడు. మూడో స్ట్రైక్! కొట్టదగ్గ హద్దులో వచ్చిన బంతిని వదిలేస్తే స్ట్రైక్, మూడైతే అవుట్. బెంచ్ బ్యాటు కదల్లేదు.

బ్యాటుతో అతను అలాంటివాడు కాదు సుమా. 1970లో 45 హోమ్ రన్లు, అంటే క్రికెట్ సిక్సర్ల లాంటివి, కొట్టి, 148 పరుగులు చేయించి లీగు ఉత్తమ ఆటగాడయ్యాడు. 1972లో ఆ గౌరవం మళ్లీ వచ్చింది. 1975, 1976 వరల్డ్ సిరీస్‌లు రెడ్స్ గెలిచింది. రెండోదాంట్లో ఉత్తమ ఆటగాడు అతనే.

చేతులకు మందు దొరికింది గాని మోకాళ్లకు దొరకలేదు. ఒక్క ఆటలో వంద దాటి ఎన్నోసార్లు గొంతుక్కూర్చుని లేవాలి. వరుసగా 13 సీజన్లు, ఏటా వంద ఆటలకు తగ్గకుండా బెంచ్ ఈ పని చేశాడు. ఆడినన్నాళ్లలో క్యాచర్‌గా మొత్తం 1,742 ఆటలు. 1981 నుంచి అతన్ని ఎక్కువగా మొదటి, మూడో బేస్‌ల దగ్గరే నిలబెట్టారు. ఆఖరి మూడేళ్లలో క్యాచర్‌గా ఆడినవి 13 ఆటలే. 35 ఏళ్లకే, 1983లో, విరమించాడు. అతని 389 హోమ్ రన్లలో 327 క్యాచర్‌గా ఉన్నప్పుడు కొట్టినవే.

ఇప్పటి క్యాచర్లు చాలామంది ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుంటున్నారు. మోకాళ్ల మీద భారం తగ్గుతుంది, కింద వచ్చే బంతి స్ట్రైక్‌లా కనిపించేట్టు పట్టడం కూడా తేలిక. పక్కకు పోయే బంతిని ఆపడం కష్టమని పాతతరం కోచ్‌లు ఇంకా గొణుగుతూనే ఉన్నారు.