జెండా వందనానికి రాలేదని లిస్టు పెట్టారు

చెల్లె: అందరికీ నమస్తే. ఇవాళ స్టూడియో లేదు, మా ఇంట్లోనే కూర్చొని మాట్లాడుకుంటున్నాం. బయట వాన పడుతోంది, మధ్యలో చప్పుడు వినిపిస్తే ఏమనుకోకండి. నా పక్కన మా అన్న ఉన్నాడు, పెద్దనాన్న కొడుకు. ఇరవై ఏళ్లుగా సర్కారు బడిలో సోషల్ చెప్తున్నాడు. అన్నా, నమస్తే చెప్పు.

అన్న: నమస్తే అండి. ఈ మాటలు మొన్న భోజనాల దగ్గర మొదలైనవే. మధ్యలో ఆపి, మిగతాది మైక్ ముందు మాట్లాడదామని చెల్లె అన్నది.

చెల్లె: అన్నాను. ఎందుకంటే ఆ రోజు నాకు చాలా బాధగా ఉండింది. ఏం జరిగిందో ముందు చెప్తాను. ఆగస్టు 14 రాత్రి నాకు నైట్ షిఫ్ట్, పొద్దున ఆరున్నరకు ఇంటికొచ్చి పడుకున్నాను. కింద ఎనిమిదింటికి జెండా వందనం. మధ్యాహ్నం లేచి ఫోన్ చూస్తే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక లిస్టు ఉంది, జెండా వందనానికి రాని ఫ్లాట్ల నంబర్లు. అందులో మాదీ ఉంది. దాని కింద ఎవరో రాశారు, వీళ్లకు దేశం మీద ప్రేమ లేదని. మెయింటెనెన్స్ కట్టనివాళ్ల లిస్టు పెట్టినట్టు పెట్టారన్నా.

అన్న: అది తప్పే. దాంట్లో నీకూ నాకూ తేడా లేదు.

చెల్లె: అసలు సంగతి అది కూడా కాదు. సాయంత్రం మూడో ఫ్లోర్‌లో ఉండే నా ఫ్రెండ్ దగ్గరికి వెళ్లాను. ముస్లిం కుటుంబం, ఆమెకు ఇద్దరు పిల్లలు. పిల్లలకు తెల్ల బట్టలు వేసి, బ్యాడ్జీలు పెట్టి, ఏడుంపావుకే కిందికి వచ్చేశారట, కుర్చీలు కూడా వేయక ముందే. అంత పొద్దున్నే ఎందుకొచ్చావు అంటే, "నువ్వు రాకపోతే నీ ఫ్లాట్ నంబర్ లిస్టులో రాస్తారు, మేము రాకపోతే లిస్టుతో ఆగదు" అన్నది. మామూలుగానే అన్నది, కోపం కూడా లేదు గొంతులో. నాకు ఆ మాట పట్టుకుంది. అప్పటినుంచి నన్ను నేను అడుగుతున్నాను, ఒకరికి పండుగగా, ఇంకొకరికి హాజరు పట్టీగా ఉండే రోజును నేను ఎట్లా జరుపుకోవాలి అని.

అన్న: నీ బాధ నాకు అర్థమైంది. కానీ దాన్ని బట్టి ఆ రోజునే వదిలేద్దామంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆగస్టు 15 అంటే నాకు మా బడి. మా బడిలో ఎవరి పిల్లలు చదువుతారో నీకు తెలుసు కదా. పాలమూరు నుంచి, ఒడిశా నుంచి, బిహార్ నుంచి బిల్డింగ్ పనులకు వచ్చినవాళ్ల పిల్లలు. మామూలు రోజు వంద మంది రావాల్సిన చోట అరవై మంది వస్తారు. జెండా పండుగ నాడు జ్వరం ఉన్నవాళ్లు కూడా వస్తారు. ఒక అమ్మాయి ఇంట్లో ఇస్త్రీ పెట్టె లేకపోతే చెంబులో నిప్పులు పోసుకొని యూనిఫాం ఇస్త్రీ చేసుకొని వచ్చింది. ఆ బూందీ పొట్లం కోసమే వస్తారని కొందరు అంటారు. బూందీ కోసం రానీ, తప్పేముంది? కానీ ఆ అమ్మాయి ముందు వరుసలో నిలబడి ప్రతిజ్ఞ చెప్పించింది. గొంతు వణికింది, అయినా ఆపలేదు. ఆ నేల మీద ఆ పిల్లకు సొంత గది లేదు, ఏడాదికి రెండు అడ్డాలు మారుతారు, కానీ ఆ పది నిమిషాలు దేశం ఆ పిల్లది.

చెల్లె: అవునన్నా, అది నేను కాదనను.

అన్న: ప్రతిజ్ఞ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. దాన్ని రాసింది మన నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన, పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశాడు. దేశమంతా బడి పిల్లలు వాళ్ల వాళ్ల భాషల్లో చెప్పేది మన తెలుగులో పుట్టిన మాటలే. చాలా ఏళ్లు మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరే లేదు. నేను చదువుకున్నప్పుడు కూడా నాకు తెలియదు, టీచరైన తర్వాతే తెలిసింది. ఇప్పుడు ఏటా జూన్‌లో మొదటి క్లాసులోనే పిల్లలకు ఆయన పేరు చెప్తాను. అందులో ఒక వాక్యం చూడు. "సుసంపన్నమైన, బహువిధమైన నా దేశ వారసత్వ సంపద నాకు గర్వకారణం" అంటాడు. అక్కడ ఆపేయలేదు. "దీనికి అర్హత పొందడానికి సర్వదా నేను కృషి చేస్తాను" అంటాడు. గర్వం అన్న వెంటనే అర్హత అన్నాడు. నువ్వు అడిగేదానికి నా జవాబు అదే చెల్లె.

చెల్లె: నాకు గర్వం అనే మాట దగ్గరే కొంచెం ఇబ్బంది. నేను ఇక్కడ పుట్టడానికి నేనేం చేశాను? ఏమీ చేయనిదానికి గర్వం ఎట్లా వస్తుంది?

అన్న: ఊళ్లో మన తాత తవ్వించిన బావి ఉంది కదా. దాన్ని నువ్వు తవ్వలేదు, నేనూ తవ్వలేదు. అయినా ఎవరైనా ఆ బావి నీళ్లు తీపి అంటే నీ మొహం ఎట్లా వెలిగిపోతుందో నేను చూశాను. అది గర్వమే. కానీ మనం చిన్నగా ఉన్నప్పుడు దాంట్లో పూడిక తీశాం, గుర్తుందా? బాపు నడుముకు తాడు కట్టుకొని దిగాడు, మనం పైన గంపలు అందుకున్నాం. పూడిక తీయకుండా మాది తీపి బావి అని చెప్పుకుంటూ తిరిగితే ఆ గర్వానికి అర్థం లేదు.

చెల్లె: సరే, పూడిక గురించే మాట్లాడదాం. మన హైదరాబాద్‌లో ఆగస్టు 15 అంటేనే ఒక చిక్కు ఉంది కదా. 1947లో ఆ రోజు ఇక్కడ స్వాతంత్ర్యం లేదు.

అన్న: లేదు. నిజాం తాను స్వతంత్రంగా ఉంటానన్నాడు. ఢిల్లీలో జెండా ఎగిరిన రోజు ఇక్కడ మూడు రంగుల జెండా ఎగరేస్తే నేరం. స్వామి రామానంద తీర్థ ఎగరేసి అరెస్టయ్యారు. ఆ తర్వాత పదమూడు నెలలు. ఒక పక్క నిజాం కోసం ఆయుధాలు పట్టిన రజాకార్లు, ఇంకో పక్క ఊళ్లలో దొరల మీద 1946 నుంచే నడుస్తున్న రైతాంగ పోరాటం. మన తాత అప్పుడు జనగామ దగ్గర ఊళ్లో పిల్లవాడు. ఆయనకు ఆగస్టు 15 అంటే ఏమీ గుర్తు లేదు. గుర్తున్నదల్లా బైరాన్‌పల్లి. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఆ ఊరి మీద పడి, మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ ఊరి బురుజు ఇంకా ఉంది, నేను పిల్లలను తీసుకెళ్లాను. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17న నిజాం రేడియోలో లొంగిపోతున్నట్టు చెప్పాడు. తాతకు జెండా పండుగ అంటే అది. చనిపోయే దాకా సెప్టెంబర్ 17 నాడు తలస్నానం చేసి గడపకు మామిడాకులు కట్టేవాడు. ఆ సంతోషం అబద్ధం అని నేను ఎవరినీ అననివ్వను.

చెల్లె: నేనూ అనను. కానీ నా ఫ్రెండ్ వాళ్ల నానమ్మది బీదర్ వైపు ఊరు. అదే సెప్టెంబర్. వాళ్లింట్లో సైన్యం రావడాన్ని పోలీస్ యాక్షన్ అనే అంటారు, ఇంకో పేరు లేదు. ఆ నెలలోనే ఆమె తండ్రినీ ఇద్దరు బాబాయిలనూ చంపేశారు. రజాకార్లతో వాళ్లకు సంబంధం కూడా లేదు, బట్టల దుకాణం. మిగిలిన ఆడవాళ్లు పిల్లలను ఎత్తుకొని సిటీకి వచ్చేశారు. మన ఇంట్లో మామిడాకులు కట్టిన రోజు వాళ్లింట్లో చనిపోయినవాళ్ల కోసం ఫాతిహా చదువుతారన్నా. ఈ రెండూ ఒకే వారంలో జరిగాయి, ఒకే రాష్ట్రంలో. నేను నాలుగేళ్లుగా ఆమెతో కలిసి తింటున్నాను, నాకు మొన్నటిదాకా తెలియదు.

అన్న: అది జరిగింది. దాన్ని దాచాల్సిన పని లేదు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ ఊళ్లు తిరిగి రాసింది, సైన్యం వచ్చినప్పుడు, ఆ తర్వాత తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ జరిగిందని కూడా రాసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. నేను బీఎడ్ చేశాను, సోషల్ చెప్తున్నాను, నలభై ఏళ్లు వచ్చేదాకా నేనూ చదవలేదు. చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు నాకు.

చెల్లె: మరి బడిలో చెప్తావా ఇది?

అన్న: తొమ్మిది, పది తరగతుల పిల్లలకు చెప్తాను. బైరాన్‌పల్లి చెప్పిన రోజే ఇదీ చెప్తాను, వేరే రోజుకు వాయిదా వేయను. షోయబుల్లా ఖాన్ గురించీ చెప్తాను. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రిక నడిపేవాడు, హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసేవాడు. బైరాన్‌పల్లి జరిగిన ఆ ఆగస్టులోనే, కాచిగూడలో రాత్రిపూట ఇంటికి వెళ్తుంటే రజాకార్లు చంపారు. ముప్ఫై ఏళ్లు కూడా లేవు. ఇప్పుడు నీ ఫ్లాట్ల లిస్టు రాసినాయనను అడుగు, ఆ పేరు తెలుసా అని. తుర్రెబాజ్ ఖాన్ తెలుసా అని అడుగు. 1857 జులైలో కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి మనుషులను తీసుకొని వెళ్లినవాడు. కోఠీ బస్టాండ్ దగ్గర స్మారకం ఉంది, దాని ముందు నుంచి రోజూ వేల మంది వెళ్తారు, ఎవరూ తల తిప్పి చూడరు. నాకు కోపం వచ్చేది అక్కడ! దేశభక్తి అని ఇంకొకరి హాజరు రాసుకునేవాళ్లు, ఈ ఊళ్లో దేశం కోసం పోయినవాళ్ల పేర్లు తెలుసుకోరు.

చెల్లె: సెప్టెంబర్ 17 పేరు మీద కూడా లొల్లే కదా. 2022లో ఒకే రోజు కేంద్రం పరేడ్ గ్రౌండ్స్‌లో విమోచన దినోత్సవం అంది, రాష్ట్రం జాతీయ సమైక్యతా దినోత్సవం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజా పాలన దినోత్సవం అంది. కొందరు విలీనం అంటారు, కొందరు విద్రోహం అంటారు.

అన్న: పేరు పెట్టేవాళ్లు పెట్టుకుంటారు. తాత ఏ పేరూ పెట్టలేదు, నీ ఫ్రెండ్ వాళ్ల నానమ్మా ఏ పేరూ పెట్టి ఉండదు. నాకు దాని మీద ఎక్కువ ఆసక్తి లేదు.

చెల్లె: నాకు మాత్రం లిస్టు సంగతి వదలబుద్ధి కావడం లేదు. కేరళలో ముగ్గురు పిల్లల కేసు నువ్వే చెప్పావు నాకు. జాతీయ గీతం వస్తుంటే నిలబడ్డారు, కానీ వాళ్ల మత నమ్మకం వల్ల పాడలేదు, బడి నుంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు తీసేయడం తప్పు అంది. సినిమా హాళ్లలో కూడా 2016లో గీతం తప్పనిసరి అన్న కోర్టే 2018లో తప్పనిసరి కాదు అంది. అంటే చట్టమే మనిషి లోపల ఏముందో రుజువు చేయమని అడగడం లేదు. మా గ్రూపులో మాత్రం అడుగుతున్నారు. మనసులో ఉన్న ప్రేమను అందరి ముందు చూపించు అంటే, అది ఇచ్చేవాళ్లకూ బాధే, ఇవ్వనివాళ్లకూ బాధే. ఆ పొద్దున జెండా తాడు కట్టిందీ, పూలు మడిచి పెట్టిందీ మా వాచ్‌మన్. జెండా ఎగిరి పూలు పడ్డాక ఫొటోలు దిగారు. ఫొటోలో ఆయన లేడు, అప్పటికే కార్లు తుడవడానికి సెల్లార్‌లోకి వెళ్లిపోయాడు. ఆయన ఉన్నాడా లేడా అని ఎవరూ లిస్టు రాయలేదు.

అన్న: ఆ లిస్టు కింద నువ్వేమైనా రాశావా?

చెల్లె: రాయలేదు. గొడవ ఎందుకులే అనుకున్నాను.

అన్న: రాయాల్సింది చెల్లె. కోపంగా కాదు. నైట్ షిఫ్ట్ చేసి పడుకున్నాను అని కూడా కాదు, నువ్వు సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేదు. లిస్టు తీసేయండి అని ఒక్క ముక్క. నీ ఫ్రెండ్ ఆ మాట అనలేదు, నువ్వు అనగలవు. జెండా నాది అనుకుంటేనే అట్లా అడగడానికి ధైర్యం వస్తుంది. నేను పండుగను వదులుకోను అనేది అందుకే. మనం వదులుకుంటే అది పూర్తిగా లిస్టు రాసేవాళ్ల చేతిలోకి పోతుంది.

చెల్లె: ఊఁ. రాస్తాను. ఇది రికార్డ్ అయ్యాక రాస్తాను, నిజంగా.

అన్న: ఇంకొకటి, చిన్న విషయం. ఆగస్టు 16 పొద్దున మా బడి పిల్లలతో రోడ్ల మీద పడిన జెండాలు ఏరాం. సిగ్నళ్ల దగ్గర, నాలాల పక్కన. రెండు సంచులు నిండాయి. ఎక్కువ ప్లాస్టిక్‌వే, అసలు ప్లాస్టిక్ జెండాలు వాడొద్దనే ఉంది. పాడైన జెండాను నలుగురిలో కాకుండా, వీలైతే కాల్చి, గౌరవంగా తీసేయాలి అని ఫ్లాగ్ కోడ్‌లో ఉంది. పిల్లలకు అది చదివి వినిపించి కాగితంవి, బట్టవి అట్లాగే చేశాం. వచ్చే ఏడు నువ్వూ రా, నైట్ షిఫ్ట్ ఉన్నా పర్వాలేదు, మేం పది గంటలకు మొదలుపెడతాం.

చెల్లె: వస్తాను. దానికంటే ముందు సెప్టెంబర్ 17 ఉంది. నా ఫ్రెండ్‌ను అడిగాను అన్నా, వాళ్ల నానమ్మ మాట్లాడుతుందట. ఎనభై ఆరేళ్లు, ఉర్దూలోనే చెప్తుంది, నేను తెలుగులోకి మారుస్తాను. ఆ వారం ఎపిసోడ్ అదే పెడదామా?

అన్న: పెడదాం. తాత మాటలు కూడా నా పాత ఫోన్‌లో ఉన్నాయి, పదకొండు నిమిషాలు. బైరాన్‌పల్లి గురించి చెప్తూ మధ్యలో ఆగిపోతాడు. రెండూ ఒకే ఎపిసోడ్‌లో పెట్టు, ఏదీ కత్తిరించకు.

చెల్లె: కత్తిరించను. వింటున్నవాళ్లు కూడా, మీ ఇంట్లో 1948 గుర్తున్న పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి, ఫోన్‌లో రికార్డ్ చేసి మాకు పంపండి. ఏ వైపు కథ అయినా సరే. అన్నా, ఆ ఫోన్ ఛార్జర్ ఇంకా ఉందా నీ దగ్గర?

అన్న: ఉంది. ఇంటికెళ్లగానే పెడతాను.