ఈ సామాను ఎవరిది?

(హైదరాబాద్ నిజాంపేటలో ఒక అపార్టుమెంటు నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఇల్లు సర్దుకోవడం గురించి మాట్లాడమన్నారు. అటక దులపండి, డబ్బాల మీద పేర్లు రాయండి అని మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉగాదికి, దసరాకు ఇల్లంతా దులిపే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది. అయినా దింపిన సామాను దుమ్ము తుడిపించుకుని మళ్లీ అదే అటక ఎక్కుతుంది. ఎందుకంటే దాన్ని ఏం చేయాలో తేల్చేవాళ్లు ఇంట్లో లేరు. నాదని చెప్పుకునే మనిషి ఉన్న వస్తువు పాడైతే బాగవుతుంది, పాతబడితే బయటికి పోతుంది. ఎవరిదో తెలియనిది మాత్రం ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుంది. చివరికి ఆ భారం ఇల్లాలి నెత్తిన పడుతుంది. తీసేస్తే "ఎందుకు తీశావు?" అంటారు, ఉంచితే "ఇల్లంతా చెత్త" అంటారు. గృహవిజ్ఞానం పాఠాలు చెప్పినన్నాళ్లూ ఈ అన్యాయం నన్ను బాధించింది. అందుకే గదుల వారీగా సర్దడం మాని, మనుషుల వారీగా సర్దమని అడుగుతున్నాను.

ఒక సెలవు రోజున అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఒక్క అర మాత్రమే ఖాళీ చేయండి. ఇల్లంతా ఒకేసారి నేల మీద పరిస్తే చీకటి పడేసరికి ఓపిక అయిపోయి, ఎలా తీశామో అలాగే లోపలికి తోసేస్తాం. తీసిన ప్రతి వస్తువునూ చూపించి "ఇది ఎవరిది?" అని అడగండి. నాది అన్నవాళ్లు దాన్ని తమ అరలోనే పెట్టుకోవాలి, ఎప్పుడు వాడతారో చెప్పాలి. ఎవరూ నాది అనకపోతే అట్టపెట్టెలో వేసి, పైన తేదీ రాయండి. వచ్చే పండుగ దాకా ఆ పెట్టె తెరవాల్సిన అవసరం రాకపోతే ఇక అందులోవి పంపించేయవచ్చు.

మన నగరంలో చాలా ఇళ్లలో మూడో పడకగది అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలది. ఎంసెట్ పుస్తకాలు, ఇంజినీరింగ్ రికార్డులు, చక్రం ఊడిన సూట్‌కేసులు అన్నీ అందులోనే. చదరపు అడుగు 7,000 రూపాయల లెక్కన కొన్నారనుకుంటే, 100 చదరపు అడుగుల గదికి 7 లక్షలు. అంత డబ్బు పెట్టి కొన్న గదిలో తాతయ్య మంచానికి చోటు లేకపోవడం నాకు న్యాయంగా తోచదు. పిల్లలకు వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ చూపించి అడగండి. వాళ్లు ఉంచమన్నవి ఒక పెట్టెకు మించకూడదు. పోటీ పరీక్షల పుస్తకాలు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లకు పనికి రావచ్చు. తాతల నాటి తెలుగు పుస్తకాలు, పత్రికల సంపుటాలు మాత్రం తూకానికి వేయకండి. సుల్తాన్‌బజార్‌లో 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ముందుగా జాబితా రాసి చూపించి, వాళ్లు కావాలన్నవే తీసుకెళ్లండి. గ్రంథాలయానికీ చోటు సమస్యే కదా.

ఇక పెట్టుపోతలు. మన ఇళ్లు నిండేది బజారులో కొన్నవాటితో కంటే పేరంటాలకు, గృహప్రవేశాలకు, వ్రతాలకు చేతిలో పెట్టినవాటితోనే అని నా నమ్మకం. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ బుట్టలు, కుంకుమ భరిణెలు, అన్నిటికంటే మించి జాకెట్టు ముక్కలు! 80 సెంటీమీటర్ల ముక్క చాలామందికి జాకెట్టుకు చాలదు. అందుకే అది కుట్టు ముఖం చూడకుండా ఇల్లిల్లూ తిరుగుతుంది. ప్రేమతో పెట్టినదాన్ని వద్దనమని నేను చెప్పను. మనం పెట్టే వంతు వచ్చినప్పుడు మారుద్దాం. పళ్లు, పసుపు, ఇంట్లో కొట్టిన కారప్పొడి, బెల్లం ఇవ్వండి. వారం పది రోజుల్లో వాడకంలో అయిపోతాయి, ఇచ్చినవాళ్లను తలచుకుంటారు కూడా. ఇప్పటికే బీరువాలో ఉన్న ముక్కల్లో మీకు సరిపోయేవి ఈ నెలలోనే దర్జీకి ఇవ్వండి. మిగతావి కూరగాయల సంచులుగా, దిండు గలీబులుగా కుట్టించండి.

ఇక్కడ ఒక మాట కొంచెం గట్టిగా చెప్పాలి. ఇల్లు సర్దినప్పుడల్లా చిరిగినవి, మరకలు పడ్డవి మూటకట్టి పని చేసే అమ్మాయికి ఇచ్చి దానం చేశామనుకుంటాం. ఆమె ఉండేది ఒక్క గది ఇంట్లో. మన చెత్త మోసుకెళ్లి పారేసే పని ఆమెకు అప్పగిస్తున్నాం. వద్దంటే మనం నొచ్చుకుంటామని ఆమె తీసుకుంటుంది. ఇచ్చేది ఉతికి, ఇస్త్రీ చేసి, బొత్తాలు కుట్టి ఇవ్వాలి. ఇచ్చేముందు కావాలా అని అడగాలి. అలా ఇవ్వడానికి మనసొప్పని గుడ్డలు ఇంట్లో తుడిచే గుడ్డలవుతాయి.

పోయినవాళ్ల బీరువాలకు మాత్రం ఈ పద్ధతి వర్తించదు. అమ్మ చీరలు, నాన్న కళ్లజోడు ఎవరివని అడిగితే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఎవరి సమాధానం వాళ్లకు ఉంటుంది. అందరూ కలిసిన రోజునే తెరవండి, తొందరేమీ లేదు.

ఉంచుకోవాలనుకున్న పట్టుచీరలను బాగా ఉంచుకోవాలి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ నిలుస్తుంది కాబట్టి ఉతికిన నూలు గుడ్డలో చుట్టండి. మూడు నాలుగు నెలలకోసారి నీడలో ఆరబెట్టి, మడత మార్చండి. ఎప్పుడూ ఒకే మడత మీద ఉంటే జరీ అక్కడ విరుగుతుంది. కలరా ఉండలు చీరకు తగలకుండా చిన్న గుడ్డ మూటలో కట్టి పెట్టాలి. వంటింట్లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది. కొత్త కందిపప్పు తెచ్చి పాతదాని మీద పోస్తాం, అడుగున మిగిలిన పిడికెడుకు పురుగు పడితే డబ్బా అంతటికీ పాకుతుంది. పాతది గిన్నెలోకి తీసి, డబ్బా తుడిచి ఆరాక కొత్తది పోయండి. పాత పప్పు ముందు వండేయండి.

కాగితాలకు ఇంట్లో ఒక్కరే బాధ్యులుగా ఉండాలి, కానీ ఎక్కడున్నాయో ఇద్దరికి తెలియాలి. ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు, దానికి ముందున్న లింకు డాక్యుమెంట్లు ఇల్లు అమ్మేదాకా అసలువే ఉండాలి. వాటిని లామినేషన్ చేయించకండి. ముద్రలు, కాగితం పరీక్షించాల్సి వస్తే ఇబ్బంది, తీయబోతే చిరిగిపోతాయి. మిక్సీకో ఫ్రిజ్‌కో ఇచ్చిన నున్నటి బిల్లు మీద అక్షరాలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, వారంటీ అడిగేనాటికి తెల్లకాగితమే మిగులుతుంది. తెచ్చిన రోజే ఫొటో తీసుకోండి. పత్రాలు ఆన్‌లైన్‌లో దాచుకునేందుకు కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖలు నేరుగా జారీ చేసిన పత్రాలు అసలు పత్రాలతో సమానంగా చెల్లుతాయి. మనం స్కాన్ చేసి ఎక్కించుకున్నవాటికి ఆ హోదా లేదు.

పాత ఫోన్ల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. బ్యాటరీ ఉబ్బిన ఫోను బీరువాలో బట్టల మధ్య ఉంచడం ప్రమాదం. దాన్ని ఇంటింటి చెత్త తీసుకెళ్లే స్వచ్ఛ ఆటోలో తడి చెత్తతో కలిపి వేయడమూ తప్పే. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాలు అని మూడుగా విడదీయమన్నాయి. పాదరసం ఉండే పాత సీఎఫ్ఎల్ బల్బులను ఆ నిబంధనలు మూడో రకంలోనే చేర్చాయి. ఇన్వర్టరు బ్యాటరీ కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేస్తే ధరలో కొంత తగ్గిస్తారు.

మన మెట్ల దగ్గర కూడా ఎవరివో తెలియని సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు, పగిలిన కుండీలు ఉన్నాయి. కుండీల్లో నిలిచిన నీళ్లలో దోమ గుడ్డు పదిరోజుల్లోపే దోమ అవుతుంది. అంతకంటే పెద్ద భయం నిప్పు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో జరిగిన అగ్నిప్రమాదంలో 17 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ బయటపడేందుకు ఉన్నది ఇరుకైన దారి. అక్కడ సామాను అడ్డుపడిందని నేను అనడం లేదు. మనకు దేవుడి దయవల్ల వెడల్పు మెట్లున్నాయి, వాటిని మన చేతులతో మనమే ఇరుకు చేసుకోవద్దంటున్నాను. వచ్చే ఆదివారం పదింటికి ప్రతి అంతస్తువాళ్లూ తమ మెట్లు ఖాళీ చేయాలని కోరుతున్నాను.

చివరగా ఒక ప్రతిపాదన. ఏడాదికి ఒకటి రెండుసార్లు దించే పెద్ద గుండిగలు, గంగాళాలు, యాభై పళ్లేలు, ఫ్లాస్కులు ప్రతి ఫ్లాటు అటక మీదా ఉన్నాయి. సెల్లార్‌లో వాచ్‌మన్ గది పక్కన ఖాళీగా ఉన్న గదిలో అందరికీ కలిపి ఒక్క సెట్టు పెట్టుకుంటే చాలు. శుభకార్యం ఉన్నవాళ్లు పుస్తకంలో రాసి తీసుకెళ్తారు, తోమి తిరిగి పెడతారు. ఆ గదికి సంఘం తరఫున ఒకరు బాధ్యత తీసుకోవాలి. ఎవరింట్లో ఏ గిన్నెలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాయో ఇప్పుడే చెప్పండి, రాసుకోవడానికి కాగితం తెచ్చాను.