మారిషస్ వెళ్తున్నారా? శ్రోతల ప్రశ్నలు, జవాబులు

వ్యాఖ్యాత: ఈ వారం ఫోన్-ఇన్‌లో మారిషస్ ప్రయాణం గురించి మాట్లాడుకుందాం. మొదటి ఫోను కాకినాడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. జూలైలో మావారు, నేను, మా అత్తగారు వెళ్తున్నాం. ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. బియ్యం, కుక్కర్ అన్నీ సర్దేసుకోమంటున్నారు అందరూ.

నిపుణురాలు: కుక్కర్ ఇంట్లోనే పెట్టేయండమ్మా. కందిపొడి డబ్బా ఒకటి చాలు. పండ్లు, విత్తనాలు, కరివేపాకు రెమ్మల్లాంటివి మాత్రం వద్దు, అక్కడ దిగగానే ఆపుతారు. మీ అత్తగారికి పొద్దున్నే ధోల్ పూరీ దొరుకుతుంది. పప్పు ఉడికించి పొడి చేసి, పిండిలో పెట్టి పల్చగా వత్తి కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అనుకోండి. రెండు కలిపి, చిక్కుడు గింజల కూర, టమాటా రుగాయ్ అనే కూర, పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. రిసార్టు బఫేలో ఇది ఆశించకండి, బండి దగ్గరే తినాలి.

శ్రోత: మాంసం వద్దంటే అర్థమవుతుందాండీ?

నిపుణురాలు: అక్కడే జాగ్రత్త. అక్కడి వాళ్లు మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన భాష. అందులో ‘లవ్యాన్’ అంటే మాంసం. అదొక్కటే వద్దంటే చేప వేసి పెడతారు, ఎందుకంటే చేప ‘ప్వాసోన్’, వేరే లెక్క. ‘సాన్ లవ్యాన్, సాన్ ప్వాసోన్, సాన్ దిజెఫ్’ అనండి. సాన్ అంటే లేకుండా, దిజెఫ్ అంటే గుడ్డు. ‘మిన్ ఫ్రీ’ అనే నూడుల్స్‌లో గుడ్డు ఉంటుంది, అది ప్రత్యేకంగా అడగండి. ధర అడగాలంటే ‘కొంబ్యేన్ సా?’ ముందు ‘బోంజూర్’, అంటే నమస్కారం, అనకుండా మాత్రం ఏదీ అడగకండి, మొరటుతనం అనుకుంటారు. ఇంగ్లీషూ నడుస్తుంది, పెద్దవాళ్లలో కొందరికి హిందీ వస్తుంది.

శ్రోత: మరి తెలుగు?

నిపుణురాలు: మీ పక్కనున్న కోరంగి రేవు నుంచే 19వ శతాబ్దంలో మనవాళ్లు ఓడల్లో వెళ్లారు, చెరకు తోటల పనికి. ఇప్పటికీ ఉగాదికి అక్కడ సెలవు. ఇళ్లల్లో మాత్రం క్రియోలే మాట్లాడతారు. తెలుగు బళ్లోనూ గుళ్లోనూ వినిపిస్తుంది. రాజధాని పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ చూడండి, కూలీలు దిగిన చోటు అది; 2006 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. పక్కనే సెంట్రల్ మార్కెట్. అక్కడ సబ్జా గింజలు వేసిన చల్లటి పాల ‘అలూదా’ తాగండి.

వ్యాఖ్యాత: తర్వాత హైదరాబాద్ నుంచి. చెప్పండి సార్.

శ్రోత: మేమూ జూలైలోనే. తూర్పు వైపు బీచ్ హోటల్ చౌకగా వస్తోంది, తీసుకోమంటారా?

నిపుణురాలు: చౌక ఎందుకంటే ఆ నెలలో అక్కడ గాలి ఎక్కువ. మనకు వానాకాలం, వాళ్లకు చలికాలం. ఆగ్నేయం నుంచి వీచే గాలి తూర్పు తీరానికే తగులుతుంది. పడమటి వైపు ఫ్లిక్-ఆన్-ఫ్లాక్ దగ్గర బస చేయండి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. షమరేల్ రంగుల నేల, జలపాతం, బ్లాక్ రివర్ గోర్జెస్ లోయ, గంగా తలావ్ అనే పవిత్ర సరస్సు ఒకే రోజులో చూడొచ్చు. స్వెటర్ పెట్టుకోండి, ఆ ఎత్తు ప్రాంతాల్లో చల్లగా జల్లులు పడతాయి. నీళ్లలోకి రబ్బరు చెప్పుల్లేకుండా దిగకండి, అడుగున సముద్రపు ముళ్లపందులు, రాతి చేపలు ఉంటాయి. ఆ రాతి చేప ముల్లు విషం, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

శ్రోత: కారు అద్దెకి తీసుకోవచ్చా?

నిపుణురాలు: నిశ్చింతగా. మనలాగే ఎడమ పక్కన నడుపుతారు. బస్సులు సాయంత్రానికే పల్చబడతాయి, రాత్రి భోజనానికి వాటిని నమ్ముకోకండి. రాజధాని నుంచి క్యూర్‌పిప్ పట్టణం దాకా మెట్రో ఉంది గానీ బీచ్‌లకు పోదు. ఇంకోటి, ఆదివారం మధ్యాహ్నానికి చాలా దుకాణాలు మూసేస్తారు. కొనేవేవో శనివారమే కొనేసుకోండి.

శ్రోత: ఆ మాట మా ఆవిడకి మీరే చెప్పండి మేడమ్, స్పీకర్‌లో పెడుతున్నా.