ఆవు డొక్కలో కిటికీ: మేతను పొట్టలోనే పరీక్షించే పద్ధతి

అందరికీ నమస్కారం. పాడి రైతులు, పశువైద్య విద్యార్థులు కలిసి కూర్చున్న సభ ఇది. అందుకే ఇద్దరికీ పనికొచ్చే ఒక్క పద్ధతి గురించే మాట్లాడతాను.

దాణా బస్తా మీద ప్రొటీన్ ఇంత శాతం అని ఉంటుంది. ల్యాబ్‌లో నత్రజని కొలిచి, 6.25తో హెచ్చించి వేసిన అంకె అది. అందులో పెద్ద పొట్టలో (ఆవు కడుపులోని నాలుగు గదుల్లో అతి పెద్దది, రూమెన్) కరిగేదెంత, ఎన్ని గంటల్లో కరుగుతుంది అన్నది బస్తా చెప్పదు. పాల దిగుబడి తేలేది అక్కడే. వేరుశనగ చెక్క (నూనె తీయగా మిగిలేది) ప్రొటీన్ పెద్ద పొట్టలో చాలా త్వరగా కరిగి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో అమ్మోనియాగా మారుతుంది. అంత అమ్మోనియాను సూక్ష్మజీవులు ఒక్కసారిగా వాడుకోలేకపోతే, మిగిలింది యూరియాగా మారి మూత్రంలో పోతుంది. రైతు డబ్బు పోయినట్టే. పత్తి చెక్క కొంత నిదానం.

ఈ తేడా ఎలా తెలిసింది? పొట్టలో పెట్టి చూస్తేనే. ఆ ఆలోచన ఒకప్పుడు మనిషి మీద కూడా అమలైంది. 1822లో అమెరికాలోని మాకినా దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి తుపాకీ దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది గానీ పొట్టకు పడ్డ రంధ్రం పూడలేదు. వైద్యం చేసిన విలియం బోమాంట్ 1825లో మాంసం, రొట్టె ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి దించి, కాసేపటికి లాగి చూశాడు. 1938లో దక్షిణాఫ్రికాలో క్విన్ బృందం గొర్రె పెద్ద పొట్టలో మేత నింపిన పట్టుసంచులు పెట్టింది. తర్వాత పట్టు పోయి నైలాన్ వచ్చింది.

పశువులో ఈ రంధ్రం మనమే చేస్తాం. పశువు నిలబడి ఉండగానే ఎడమ డొక్కకు మత్తు ఇచ్చి, పొట్ట గోడను చర్మానికి కుట్టి, మూత ఉన్న రబ్బరు గొట్టం అమరుస్తాం. దీనికి జంతు ప్రయోగాలను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. శుభ్రంగా చూసుకుంటే ఆ పశువు ఏళ్ల తరబడి మామూలుగా మేస్తుంది, నెమరు వేస్తుంది. అలా చూసుకోలేని చోట ఈ పని మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

సంచి గుడ్డకు 40 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రంధ్రాలుంటాయి. సూక్ష్మజీవులు లోపలికి వెళ్తాయి, కరగని మేత మాత్రం చాలావరకు బయటికి రాదు. పొడి చేసిన మేతను తూచి నింపి, మూతి బిగించి, పొట్టలోకి దించుతాం. 6, 12, 24, 48 గంటలకు కొన్ని చొప్పున తీస్తాం. తీయగానే చన్నీళ్లలో వేయాలి, లేకపోతే సూక్ష్మజీవులు పని ఆపవు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూస్తాం. తగ్గిన బరువే కరిగిన మేత. ఈ గంటల లెక్కను 1979లో స్కాట్లండ్‌లోని రోవెట్ సంస్థకు చెందిన ఓర్‌స్కోవ్, మెక్‌డొనాల్డ్ ఒక సమీకరణంలో పెట్టారు. ఇవాళ్టికీ అదే వాడుతున్నాం.

విద్యార్థులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. వరిగడ్డి సంచిని తీసి నత్రజని కొలిస్తే, ఒక్కోసారి పెట్టినదానికంటే ఎక్కువ కనిపిస్తుంది! గడ్డిలో నత్రజని తక్కువ, దాన్ని పట్టుకున్న సూక్ష్మజీవుల్లో ఎక్కువ. ఎంత కడిగినా అవి పూర్తిగా వదలవు. అది చూసి గడ్డి ప్రొటీన్ కరగలేదని రాసేస్తే తప్పు. చెక్క పొడితో ఇబ్బంది వేరు: సన్నటి నలుసులు కరగకుండానే గుడ్డలోంచి జారిపోయి, కరిగిన లెక్కలో చేరతాయి. అందుకే పొట్టలో పెట్టకుండా నీళ్లతో మాత్రమే కడిగిన సంచులనూ పక్కన తూచి పెట్టుకోవాలి.

పశువు అవసరాన్ని తగ్గించే దారులూ ఉన్నాయి. గాజు సిరంజిలో కాస్త మేత, పొట్ట ద్రవం కలిపి వెచ్చగా ఉంచి, వచ్చే గ్యాస్ కొలిచే పద్ధతి జర్మనీలోని హోహెన్‌హైమ్‌లో తయారైంది. చాలా నమూనాలను ముందు అందులో వడపోసి, తేలినవాటినే సంచిలో పెట్టడం మంచిది. ఆ ద్రవాన్ని కబేళా నుంచి కూడా తెచ్చుకోవచ్చు.

రైతు సోదరులకు ఒక మాట. వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచమని మేం చెప్పేది ఊరికే కాదు. మామూలు గడ్డి, మాగిన గడ్డి పక్కపక్క సంచుల్లో పెడితే మాగింది ఎక్కువ కరుగుతుంది. బయట బల్ల మీద రెండు రకాల సంచులూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు విప్పి చూడండి, అడగాల్సినవి అక్కడే అడగండి.