హ్యాండ్‌హెల్డ్ స్కోపా, బెంచ్ స్కోపా? ముందు గ్రౌండ్ క్లిప్ సంగతి చూద్దాం

నమస్తే అండీ అందరికీ. ఈ రోజు టేబుల్ మీద మూడు ఆసిలోస్కోపులు పెట్టాను, వోల్టేజీ క్షణక్షణం ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపించే పరికరాలివి. ఎడమ పక్క ఉన్నది సిగ్లెంట్ ఎస్‌డీఎస్ 1104ఎక్స్-ఈ, నాలుగు ఛానెళ్ల (ఒకేసారి నాలుగు సిగ్నళ్లు చూడగల) బెంచ్ స్కోప్, అంటే బల్ల మీద పెట్టి ప్లగ్‌తో వాడేది. మధ్యలో అరచేతిలో ఒదిగిపోయేది ఓవాన్ హెచ్‌డీఎస్ 272ఎస్. కుడి పక్కన కాస్త బరువుగా, మొరటుగా కనిపిస్తున్నది ఫ్లూక్ 190-204 స్కోప్‌మీటర్. నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "ఒక్కటే కొనగలను, ఏది కొనమంటారు?" దీనికి జవాబు ఎవరైనా మెగాహెర్ట్జ్‌తో, అంటే స్కోప్ ఎంత వేగంగా మారే సిగ్నల్‌ని చూపగలదో చెప్పే అంకెతో మొదలుపెడతారు. నేను గ్రౌండ్ క్లిప్‌తో, అంటే ప్రోబ్ (కొలిచే తీగ) పక్కన వేలాడే చిన్న క్లిప్‌తో మొదలుపెడతాను. ఎందుకో చూపిస్తాను, చూడండి.

మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో పెట్టాను, రెండు చోట్లు వైరుతో కలిసుంటే బీప్ కొట్టే మోడ్ ఇది. బెంచ్ స్కోప్ ప్లగ్ గోడలోంచి పీకేశాను. మీటర్ ఒక లీడ్ ప్రోబ్ గ్రౌండ్ క్లిప్‌కి, రెండో లీడ్ పవర్ కార్డ్ ఎర్త్ పిన్‌కి తగిలిస్తున్నాను. బీప్ వినపడిందా? ఇప్పుడు ఒకటో ఛానెల్ క్లిప్‌కీ రెండో ఛానెల్ క్లిప్‌కీ మధ్య పెడుతున్నాను. మళ్లీ బీప్. అంటే ఈ నాలుగు క్లిప్పులూ ఒకే వైరు. ఆ వైరు ప్లగ్ పెట్టగానే నేరుగా ఎర్త్‌లోకి పోతుంది. ఈ క్లిప్‌ని సర్క్యూట్‌లో ఎక్కడ తగిలిస్తే అక్కడ మీరు ఎర్త్ కట్టినట్టే.

ఈ సంగతి నాకు ఒక బోర్డు కాలిపోయాక తెలిసింది. రిపేర్లు నేర్చుకుంటున్న రోజులవి. ఎస్‌ఎంపీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్ కరెంటు వచ్చే వైపు, మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) గేట్ కాలు మీద వేవ్‌ఫామ్ ఎలా ఉందో చూడాలి. పెద్ద కెపాసిటర్ మైనస్ కాలు కనిపించింది, అదే గ్రౌండ్ కదా అనుకుని క్లిప్ పెట్టి సప్లై ఇచ్చాను. ఠప్‌మని పేలింది. ఎంసీబీ ట్రిప్ అయింది, క్లిప్ పళ్లు కరిగిపోయాయి, బ్రిడ్జ్ రెక్టిఫైయర్ పోయింది. చేతులు చాలాసేపు వణికాయి.

జరిగిందేమిటంటే, ఆ మైనస్ కాలు ఎర్త్ కాదు. 230 వోల్టుల ఏసీని బ్రిడ్జ్‌తో డీసీ చేస్తే కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు ఉంటాయి. ఫేజ్ నెగటివ్‌లోకి వెళ్లిన ప్రతి అర సైకిల్‌లోనూ ఆ మైనస్ లైను డయోడ్ గుండా ఫేజ్‌కే కలుస్తుంది. దాన్ని తీసుకెళ్లి నేను స్కోప్ ద్వారా ఎర్త్‌కి కట్టాను. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య అడ్డంగా మిగిలింది ఒక్క డయోడే.

అప్పుడు పక్కనున్న సీనియర్ ఒకాయన "స్కోప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయ్, సరిపోతుంది" అన్నారు. ఈ సలహా మీకూ ఎవరో ఒకరు ఇస్తారు. దయచేసి వినకండి. పిన్ తీసేస్తే పేలుడు ఆగుతుంది, నిజమే. కానీ అక్కణ్నుంచి స్కోప్ ఛాసిస్, బీఎన్‌సీ రింగులు (ప్రోబ్ తగిలించే లోహపు సాకెట్లు), యూఎస్‌బీ పోర్టు, అన్నింటిలోకీ మెయిన్స్ కరెంటు వచ్చేస్తుంది. నాబ్ తిప్పబోయిన వేలు పొరపాటున బీఎన్‌సీకి తగిలితే ప్రాణం పోతుంది. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (బోర్డుకి వచ్చే కరెంటుకీ ఎర్త్‌కీ సంబంధం తెంచేది) ఉంటే దాన్ని రిపేరు చేస్తున్న బోర్డుకి పెట్టండి, స్కోప్‌కి కాదు. అప్పుడు కూడా క్లిప్పులన్నీ ఒకే పాయింట్ దగ్గర ఉండాలి. బెంచ్ స్కోప్‌తో ప్రైమరీ చూడటానికి సరైన దారి డిఫరెన్షియల్ ప్రోబ్, అంటే ఎర్త్‌తో పని లేకుండా రెండు పాయింట్ల మధ్య తేడాని కొలిచేది.

ఇప్పుడు ఇదే బీప్ పరీక్ష ఫ్లూక్ మీద చేద్దాం. ఏ ఛానెల్‌కి, బీ ఛానెల్‌కి. బీప్ లేదు. సీ, డీ కూడా లేదు. ప్రతి ఇన్‌పుట్ దేనికది విడిగా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంది. రేటింగ్ క్యాట్ త్రీలో 1000 వోల్టులు, క్యాట్ ఫోర్‌లో 600 వోల్టులు. క్యాట్ అంటే కేటగిరీ, ఎలాంటి కరెంటు లైన్ల మీద భద్రంగా కొలవొచ్చో చెప్పే తరగతి. ఈ నంబరు కేవలం నిలకడగా ఉండే వోల్టేజీ గురించి కాదు. లైన్ మీద పిడుగు వల్లో, పెద్ద మోటార్ ఆగడం వల్లో వచ్చే స్పైక్‌ని తట్టుకోవడం గురించి. క్యాట్ త్రీ 1000 వోల్టులంటే 8000 వోల్టుల స్పైక్‌కి పరీక్షించిన ఇన్‌పుట్. మూడు ఫేజుల 400 వోల్టుల మోటార్ డ్రైవ్ లోపల డీసీ బస్ (ఏసీని డీసీ చేశాక వచ్చే ప్రధాన లైను) దాదాపు 565 వోల్టులు ఉంటుంది. అక్కడ ఒక ఛానెల్‌ని డీసీ బస్ మీద, ఇంకొకదాన్ని రెండు ఫేజుల మధ్య, మరొకదాన్ని కంట్రోల్ సిగ్నల్ మీద ఒకేసారి పెట్టగలగడం కోసమే ఇది పుట్టింది. మొదటి స్కోప్‌మీటర్ 1991లో వచ్చినప్పటి నుంచీ ఫ్లూక్ ఫీల్డ్ మనుషుల కోసమే ఈ వరుస తయారు చేస్తోంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. హై సైడ్ మాస్‌ఫెట్ సోర్స్ లాంటి, వందల వోల్టులు గబగబా పైకీ కిందికీ ఊగే చోట రిఫరెన్స్ లీడ్ (దీని గ్రౌండ్ క్లిప్) పెడితే, ఆ లీడ్‌కీ భూమికీ మధ్య ఉండే కెపాసిటెన్స్ వల్ల వేవ్‌ఫామ్ మారిపోతుంది. అక్కడ దీని బొమ్మని కూడా గుడ్డిగా నమ్మను.

మరి మధ్యలో ఉన్న చిన్నది? బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి ఇదీ ఫ్లూక్ లాంటిదే అనుకుంటారు చాలామంది. పరీక్షిద్దాం. ఛానెల్ ఒకటి క్లిప్, ఛానెల్ రెండు క్లిప్... బీప్. రెండు గ్రౌండ్లూ లోపల కలిసే ఉన్నాయి. రెండు క్లిప్పుల్ని వేర్వేరు వోల్టేజీల దగ్గర పెడితే షార్ట్ జరిగేది ఈ స్కోప్ పొట్టలోనే. పైగా బీఎన్‌సీ లోహం వేలికి తగిలేలా బయటే ఉంది. ఇంకో మాట, ఇది ముఖ్యం: ఛార్జింగ్ కేబుల్ పెట్టి, లేదా ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ చేసి కొలుస్తుంటే మీ గ్రౌండ్ క్లిప్ ఆ కేబుల్ గుండా ల్యాప్‌టాప్ గ్రౌండ్‌కి చేరుతుంది. బ్యాటరీ స్కోప్ కాస్తా బెంచ్ స్కోప్ అయిపోతుంది, మీకు తెలియకుండానే. మెయిన్స్ మీద ఇలాంటి చిన్న స్కోపులు నేను వాడను. మీరూ వాడొద్దు.

అలాగని దీన్ని తీసిపారేయను. ఆన్ చేసిన కొన్ని సెకన్లలో సిద్ధం. ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు. లోపలే మల్టీమీటర్, సిగ్నల్ జనరేటర్ ఉన్నాయి. కారు బానెట్ కింద వంగి క్యాన్ బస్ (కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) చూడాలంటే నా చెయ్యి దీని మీదికే పోతుంది. 500 కిలోబిట్ల క్యాన్‌లో ఒక్కో బిట్ 2 మైక్రోసెకన్లు. క్యాన్ హై 2.5 నుంచి 3.5 వోల్టులకి లేవడం, క్యాన్ లో 2.5 నుంచి 1.5కి దిగడం, ఒకటి అద్దంలో రెండోదానిలా ఉండటం దీనిమీద హాయిగా కనపడుతుంది. పవర్ సప్లై రిపుల్ (డీసీలో మిగిలే చిన్న ఊగులాట) చూడటానికి కూడా ఇది మంచిది. బెంచ్ స్కోప్ ఎర్త్‌తో వచ్చే గ్రౌండ్ లూప్ హమ్ ఇందులో చేరదు కాబట్టి ఆ కొద్ది మిల్లీవోల్టులు సప్లైవేనని నమ్మొచ్చు.

ఇక డబ్బా మీద అంకెలు. దీనికి 70 మెగాహెర్ట్జ్ అని రాసి ఉంటుంది. శాంప్లింగ్, అంటే సిగ్నల్‌ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క, సెకనుకి 25 కోట్లు. ఒక్క ఛానెల్ వాడితే పర్లేదు. రెండో ఛానెల్ ఆన్ చేయగానే ఒక్కోదానికి పన్నెండున్నర కోట్లే మిగులుతాయి. 70 మెగాహెర్ట్జ్ సైన్ వేవ్‌ని సరిగ్గా పట్టాలంటే సెకనుకి 14 కోట్లకి పైనే శాంపిళ్లు కావాలి. అంటే రెండు ఛానెళ్లు వాడుతున్నంతసేపూ డబ్బా మీది అంకె నిజం కాదు. స్క్రీన్ మీద అసలు లేని వేవ్‌ఫామ్ కూడా కనిపించొచ్చు. ఏ చిన్న స్కోప్ కొన్నా ఈ భాగహారం చేసి చూడండి.

అంతకన్నా పెద్ద తేడా మెమరీ. ఇది నాకు బాగా ఇష్టమైన పరీక్ష, కాస్త ఓపిగ్గా చూడండి. ఒక మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) రీసెట్ అయినప్పుడు సీరియల్ లైన్ మీద ఏదో పంపిస్తోంది. స్పీడు 115200 బాడ్ (సెకనుకి అన్ని బిట్లు), కాబట్టి ఒక్కో బిట్ 8.7 మైక్రోసెకన్లు. రీసెట్ దగ్గర ట్రిగ్గర్ (స్కోప్ ఎప్పుడు పట్టుకోవాలో చెప్పే గుర్తు) పెట్టి, తర్వాతి 100 మిల్లీసెకన్లు మొత్తం పట్టాలి. చిన్న స్కోప్ మెమరీ 8 వేల పాయింట్లు. 100 మిల్లీసెకన్లని 8 వేలతో భాగిస్తే పాయింటుకీ పాయింటుకీ మధ్య పన్నెండున్నర మైక్రోసెకన్లు. బిట్ కంటే ఎడమే ఎక్కువ. ఇదిగో, జూమ్ చేస్తున్నాను... ఎక్కడ ఏ బిట్ ఉందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. తప్పు నాది కాదు, సిగ్నల్‌దీ కాదు. అక్కడ దాచడానికి చోటు లేదంతే. ఫ్లూక్ కూడా ఈ పరీక్షలో గట్టెక్కదు, స్కోప్ మోడ్‌లో దాని మెమరీ ఛానెల్‌కి 10 వేల పాయింట్లే.

ఇప్పుడు బెంచ్ స్కోప్. కోటీ 40 లక్షల పాయింట్లు. అదే రీసెట్, అదే 100 మిల్లీసెకన్లు. సింగిల్ నొక్కాను, పట్టుకుంది. జూమ్... ఇంకా జూమ్... బిట్‌కి వందల పాయింట్లున్నాయి. డీకోడ్ ఆన్ చేస్తే కింద అక్షరాలే వచ్చేశాయి. బోర్డు ఎందుకు ఆగిపోతోందో అదే చెబుతోంది. కోడ్ రాసేవాళ్లు, మైక్రోకంట్రోలర్లతో పనిచేసేవాళ్లు మొదటి స్కోప్‌గా బెంచ్ మోడలే తీసుకోవాలని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదొక్కటి చాలు.

ఇంకొకటి నాబ్‌లు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. కుడి చేత్తో ప్రోబ్ ఐసీ కాలు మీద ఆనించి పట్టుకున్నాను, కదిలితే పక్క కాలికి షార్ట్. కళ్లు బోర్డు మీదే. ఎడమ చేత్తో చూడకుండానే వోల్ట్స్ నాబ్ తిప్పాను, టైమ్ నాబ్ తిప్పాను, ట్రిగ్గర్ సర్దాను. చిన్నదాంట్లో ఇదే పనికి మెనూలోకి వెళ్లి, బాణం బటన్లు నొక్కుతూ, స్క్రీన్ చూస్తూ ఉండాలి. ఈలోగా ప్రోబ్ జారిపోతుంది. నేర్చుకునేవాళ్లకి ఇది మరీ కష్టం. నాబ్ తిప్పగానే బొమ్మ మారితేనే వోల్ట్స్ పర్ డివిజన్ (తెర మీద ఒక్కో గడికి ఎన్ని వోల్టులు) అంటే ఏమిటో చేతికి అలవాటవుతుంది.

కాబట్టి నా మాట ఇది. బోర్డులు, కోడ్, నేర్చుకోవడం అయితే బెంచ్ స్కోప్. బతుకుతెరువు మోటార్ డ్రైవులు, ఇన్వర్టర్లు, ప్యానెళ్ల దగ్గరైతే విడివిడి ఇన్‌పుట్లున్న, క్యాట్ రేటింగ్ ఉన్న హ్యాండ్‌హెల్డ్. దాని ఖరీదు వేరే స్థాయిలో ఉంటుంది, కానీ అక్కడ రాజీ పడొద్దు. చిన్న స్కోప్ రెండోదిగా తీసుకోండి, బండి పనికి, బ్యాటరీ సర్క్యూట్లకి.

ఆఖరుగా, ఇదిగో ఎస్‌ఎంపీఎస్ బోర్డు. నేను కాల్చిన రకమే. సప్లై ఆఫ్‌లో ఉంది. ఫ్లూక్ ప్రోబ్ రిఫరెన్స్ క్లిప్‌ని అదే కెపాసిటర్ మైనస్ కాలికి పెడుతున్నాను, కొనని గేట్‌కి హుక్ చేశాను. బీ ఛానెల్‌ని కెపాసిటర్ రెండు కాళ్ల మీద పెట్టాను. చేతులు తీసేశాను. ఆన్.

ఏమీ పేలలేదు. స్క్రీన్ దగ్గరగా చూపిస్తాను. గేట్ వోల్టేజీ లేస్తోంది, మధ్యలో ఒక చిన్న మెట్టు దగ్గర ఆగింది, మళ్లీ లేచింది. ఆ మెట్టే మిల్లర్ ప్లాటో, డ్రెయిన్ వోల్టేజీ కిందికి పడుతున్న క్షణం. ఆ రోజు నేను చూడాలనుకున్నది ఇదే.

సప్లై ఆపాను. క్లిప్ ఇప్పుడే ముట్టుకోను, కెపాసిటర్ ఇంకా దిగాలి. బీ ఛానెల్ చూడండి: 210... 120... 45... 8. ఇప్పుడు తీస్తున్నాను.