ఊత్తుకోట: ఏటి ఒడ్డు ఊరికి ఏటిమీద పెత్తనం ఎంత?

అందరికీ నమస్కారం.

చెన్నై తెలుగువాళ్లలో ఊత్తుకోట మీదుగా తిరుపతి వెళ్లనివాళ్లు తక్కువ. రెడ్‌హిల్స్, పెరియపాళెయం దాటి అక్కడ బస్సు ఆగితే టీ తాగి మళ్లీ ఎక్కేస్తాం. ఊరిని ఎవరూ చూడరు. ఇవాళ ఆ ఊరి గురించే నాలుగు మాటలు.

మనకు దాదాపు యాభై కిలోమీటర్ల దూరం, తిరువళ్లూరు జిల్లా, తాలూకా కేంద్రం. ఒడ్డున అరణియారు. ఎగువన ఆంధ్రాలో మనవాళ్లు అరుణానది అంటారు. పిచ్చాటూరులో దానికి ఆనకట్ట ఉంది. ఆ కింద సురుటుపల్లి, శివుడు పవళించిన గుడి ఉన్న ఊరు. అది దాటిన కాసేపటికే రాష్ట్రం మారుతుంది. తర్వాత పెరియపాళెయం, పొన్నేరి మీదుగా ఏరు పులికాట్‌లో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు అందులో కనిపించేది ఇసుకే.

ఈ సరిహద్దు పాతదేం కాదు. ఆంధ్రా, మద్రాసు రాష్ట్రాల మధ్య హద్దు తేల్చిన పటాస్కర్ సిఫారసులపై 1959లో చట్టం చేసి, 1960 ఏప్రిల్ 1న అమలుచేశారు. తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల్లోని కొన్ని ఊళ్లు ఆంధ్రాకు వచ్చాయి. మనుషులను, భూములను పంచారు సరే, ఏరు మాత్రం రెండింటిలోనూ పారుతూనే ఉంది.

ఇక పాలన. ఊత్తుకోట టౌన్ పంచాయతీ. వార్డు కౌన్సిలర్లను జనం ఎన్నుకుంటారు, ఛైర్మన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. పైన ప్రభుత్వం వేసిన ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్. చుట్టుపక్కల పల్లెల్లో లెక్క వేరు, అక్కడ ప్రెసిడెంటుకు జనమే నేరుగా ఓటేస్తారు. అవతల ఆంధ్రాలో సర్పంచికీ అంతే.

వీధి దీపాలు, మంచినీళ్లు, చెత్త, మురుగుకాలువలు, ఇంటిపన్ను, శ్మశానం పంచాయతీవి. ఏరు మాత్రం దానిది కాదు. నీళ్లు జలవనరుల శాఖవి, ఇసుక గనుల శాఖది, వంతెన హైవేస్‌ది, ఒడ్డున ఆక్రమణలుంటే తహసీల్దారు చూడాలి. ఊరికి రూపమిచ్చిన ఏటిమీద ఊరి ఆఫీసుకు చెల్లే మాటే లేదు. నాకైతే ఇది వింతగానే తోస్తుంది.

చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగుగంగ సంగతీ ఇంతే. 1983 ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు సరిహద్దుకు చేరాలి. మొదటిసారి 1996లో వచ్చాయి. కండలేరు నుంచి 152 కిలోమీటర్లు వచ్చిన కాలువ ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్‌లో తమిళనాడులో అడుగుపెడుతుంది. గట్టుమీద నిలబడి చూస్తే పెద్ద విశేషమేమీ కనబడదు. సిమెంటు కాలువ, అందులో నీళ్లు. అయినా రెండు రాష్ట్రాల లెక్కా తేలేది అక్కడే. ఆరోజు ఎన్ని క్యూసెక్కులు వచ్చాయో చూసి రాసుకుంటారు. అక్కణ్ణుంచి పూండి జలాశయం ఇంకో పాతిక కిలోమీటర్లు. మన కుళాయిలకు వచ్చే ఆ నీళ్ల లెక్కలోనూ ఊరి పంచాయతీకి పనిలేదు.

అసలు టెన్షన్ కార్తీకమాసం వానల్లో. వాయుగుండం పట్టిందంటే పిచ్చాటూరు గేట్లెత్తుతారు. అప్పట్లో తిరువళ్లూరు రోడ్డులో ఏటిమీదున్న తరైపాలం, అంటే నేలకు ఆనుకున్న లోవంతెన, మునిగి, అవతలి పల్లెలకు చుట్టుతిరిగి పోవాల్సొచ్చేది. ఇప్పుడు ఎత్తైన వంతెన ఉంది కాబట్టి ఆ బాధ తగ్గింది. హెచ్చరిక మాత్రం పాత దారిలోనే వస్తుంది. ఆంధ్రా అధికారులు తిరువళ్లూరు కలెక్టరేట్‌కు చెప్పాలి, అక్కడి నుంచి రెవెన్యూకి, వాళ్లు వీఏఓకి, అంటే గ్రామ పరిపాలన అధికారికి, ఆయన మైకులో ఊరికి. గేటు దగ్గరున్న మనిషికీ దిగువ ఊరి ప్రెసిడెంటుకూ మధ్య ఇన్ని మెట్లెందుకు?

సర్పంచి, ప్రెసిడెంటు ఒకరికొకరు ఫోన్ చేసుకోవడానికి ఏ జీవో అక్కర్లేదు. ఎవరి నంబరు ఎవరి దగ్గరుండాలి, రాత్రిపూట ఎవరు ఎత్తాలి, మైకులో తమిళం, తెలుగు రెండూ చెప్పాలా అన్నవి గ్రామసభలో తీర్మానం చేసుకోవచ్చు. తమిళనాడులో మార్చి 22న, జలదినం నాడు, గ్రామసభ ఉంటుంది. ఈ ఒడ్డు పల్లెల్లో ఓటున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే కాస్త ఆగండి, సభ అయ్యాక ఆ తీర్మానం ఎలా రాయాలో కూర్చుని మాట్లాడుకుందాం.