కానుగ మొదట్లో సిమెంటు పోయకండి
(గుంటూరు బ్రాడీపేటలో పర్యావరణ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చి కూర్చున్న కాలనీవాసులకు నమస్కారం. పేరుపేరునా చెప్పబోతే ఉన్న సమయం దానికే సరిపోతుంది, మన్నించండి.

1973 నుంచి ప్రపంచమంతా జూన్ 5న ఈ దినోత్సవం జరుపుకుంటోంది. మనకు మాత్రం ఇది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలో మొక్క నాటి, ఫొటో దిగి వెళ్ళిపోతే అది బతుకుతుందా? ఆ వరుసలో పెట్టిన మొక్కలను ఇవాళ నాటవద్దని నిర్వాహకులను వేడుకుంటున్నాను. నీడన ఉంచి నీళ్ళు పోయండి. మృగశిర వచ్చి, రెండు మంచి వానలు పడ్డాక నాటుదాం.

నాటేది కానుగ అయితే మరీ సంతోషం. కానుగ వేసవికి ముందే ఆకు రాల్చి, ఉగాది రోజుల్లో చిగురిస్తుంది. ఎండ ముదిరేసరికి గుబురుగా నీడ పరుస్తుంది. తెలుపులో లేత ఊదా కలిసిన పూలు తెల్లారేసరికి చెట్టు కింద పేలాలు పోసినట్టు రాలి ఉంటాయి. చెత్త అని విసుక్కోకండి, ఊడ్చి ఆ పాదులోనే వేయండి. మన పెద్దలు కానుగ రొట్టను వరి మడిలో తొక్కించారు, నూనెతో దీపం పెట్టారు, పుల్లతో పళ్ళు తోముకున్నారు.

మొక్క కొనక్కర్లేదు. కానుగ కాయ ఎండినా తనంతట పగలదు. అంచు మీద రాయితో మెల్లగా కొడితే లోపల ఎర్రటి గింజ, చాలా కాయల్లో ఒక్కటే. పాత గింజ మొలవదు, ఈ ఏటిదే కావాలి. రెండు వారాలకు మొలకెత్తుతుంది. రెండడుగుల గొయ్యి, కాస్త పశువుల ఎరువు, మొదటి రెండు మూడు వేసవులు నీళ్ళు. తల్లివేరు లోతుకు దిగాక మనల్ని నీళ్ళడగదు.

ఇదంతా చెప్పడానికి నేను రాలేదు. మా వీధి మొదట్లో పెద్ద కానుగ ఉండేది. దాని కింద ఇస్త్రీ బండి, ఆటోలు, బడి బస్సు కోసం ఎదురుచూసే తల్లులు. రోడ్డు వేసినవారు బెరడుకు ఆనించి సిమెంటు పోశారు. జానెడు జాగా అయినా వదలమని బతిమాలాను. నెలల తరబడి వాన లేకపోయినా నిలబడే చెట్టు అది. పడ్డ వాన కూడా వేరుకు దిగకుండా మూసేస్తే ఎలా నిలుస్తుంది? పైకొమ్మలు ముందు ఎండాయి. తర్వాత తీగలకు అడ్డమని ఒకవైపంతా నరికారు. గాలివానకు బరువున్న వైపే ఒరిగిపోయింది. అప్పుడేమో, ఈ జాతికి బలం లేదన్నారు! అమ్మా, మీరే చెప్పండి, బలం లేనిది చెట్టుకా? ఇస్త్రీ చేసే ఆమె ఇప్పుడు పట్టా కట్టుకుంది. ఆ పట్టా కింద పన్నెండు దాటితే నిలవలేక పని ఆపేస్తోంది.

పక్క వీధుల్లో ఇంకా కానుగలున్నాయి, అన్నిటి మొదట్లోనూ సిమెంటే. మాను చుట్టూ మూడడుగుల మేర పగలగొట్టాలి. యంత్రం వద్దు, వేళ్ళు తెగుతాయి. గడ్డపలుగుతో మనమే చేద్దాం. కార్పొరేషన్ అనుమతి కోరుతూ రాసిన అర్జీ మొదటి వరుసలో అమ్మగారి దగ్గర ఉంది. టీ తాగే ముందే సంతకాలు పెట్టండి.